ఇస్కూలు – టేసను

ఉస్మాన్‌గంజ్ అంగళ్లయందు మేము ఆంగ్లపదముల వింతరూపములను వినుచుందుము. ఉర్దూ మాటలాడువారు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అందురు; కోస్తా పల్లెలనుండి వచ్చిన పెద్దలు 'టేసను' అందురు. తండ్రి యిట్లు పలికినచో మాలో కొందఱు సిగ్గుతో తల వంచుకొందురు.

ఇందు సిగ్గేల? పదాదియందలి జంటహల్లు నోటికి బరువు. ఒకరు ముందు 'ఇ'కారమును చేర్చిరి. ఒకరు 'స'కారమును విడిచిరి. మనము వ్యాకరణమున చదువుకొను ప్రకృతి వికృతులలో స్తంభము కంబమైనది, స్థానము తానమైనది. స్పెయినువారు లాటిను 'స్కోలా'ను 'ఎస్కువేలా' గావించుకొనిరి. గ్రీకునుండి వచ్చిన 'సైకాలజీ' మొదట 'ప'కారమును వ్రాసియు ఆంగ్లేయులు పలుకరు. వారినిజూచి యెవ్వరును నవ్వరుగదా!

తరగతిలో శుద్ధోచ్చారణ నేర్చుకొందము; ఇంట తండ్రి పలుకును తల యెత్తి విందము.