అడవిలో మౌనం, ఇంట్లో మాత్ర

ముక్తేశ్వరం నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆమె భర్తకు అరవై నాలుగేళ్ళు. మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళుగా రక్తపు పోటు ఉంది. రోజూ పొద్దున్న అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటున్నారు. ఈమధ్య ఇద్దరూ కాలిఫోర్నియాలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళారు. ఆ అబ్బాయి వాళ్ళను మూడు రోజులపాటు అడవిలో ఉన్న క్వేకర్ల విడిదికి తీసుకువెళ్ళాడు. హడావిడిలో మాత్రల డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. తీరా మూడో రోజున పోటు చూస్తే 126/78! మాత్ర వేసుకునే రోజుల్లోనే అది 140కి దిగేది కాదట. ఇంకేముంది, తిరిగి వచ్చాక మాస్టారు మాత్రలు పూర్తిగా మానేశారు. తెల్లవారకముందే వెళ్ళి గోదావరి రేవులో కూర్చుంటున్నారు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడరు. ఏమన్నా అంటే కాగితం మీద "మౌనమే మందు" అని రాసి చూపిస్తున్నారు. మానేసి ఇరవై రోజులైంది. మొన్న అమలాపురంలో చూపిస్తే 168/102.

"ఆ అడవిలో ఏముందండీ? అక్కడ తగ్గింది ఇక్కడెందుకు పెరిగింది?" అని ఆమె ప్రశ్న.

జవాబు తరువాత చెబుతాను. అమ్మా, ముందు చేయవలసిన పని ఒకటుంది. రేపు కాదు, ఇవాళే ఆయన్ను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి మాత్ర మళ్ళీ మొదలు పెట్టించండి. ఇరవై రోజుల బాకీ తీర్చాలని రెండేసి మూడేసి వేసుకోవడం మాత్రం వద్దు. ఈలోగా గుండెల్లో నొప్పి, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యిగాని కాలుగాని పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ అడవి సంగతి. ఆ చోటు నేను చూశాను. శాన్‌హోసే, సన్నీవేల్ ప్రాంతాల్లో ఉన్న మన తెలుగువాళ్ళకు అది కారులో ఇంచుమించు గంట దూరం. పదిహేడో నంబరు రోడ్డు మీద శాంటాక్రూజ్ కొండలెక్కి, ఫెల్టన్ దాటితే బెన్ లోమండ్ అనే చిన్న ఊరు వస్తుంది. పక్కనే శాన్ లొరెంజో నది. నది అంటారుగాని గోదావరి చూసిన కళ్ళకు అది కాలవ. అక్కడి నుంచి మెలికలు తిరిగే ఇరుకు రోడ్డు మీద కొండ పైకి పోవాలి. రోడ్డు చివర దాదాపు 80 ఎకరాల అడవిలో ఉంది క్వేకర్ సెంటర్. 1949 నుంచి నడుస్తోంది.

అడవంతా రెడ్‌వుడ్ చెట్లు. ఈ జాతి చెట్లు 300 అడుగులు దాటి పెరుగుతాయి. కోనసీమ వాళ్ళకు చెప్పాలంటే, నాలుగు కొబ్బరి చెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. పట్టుకు వచ్చే సముద్రపు పొగమంచు ఆకులకు తగిలి నీటి చుక్కలై కింద పడుతుంది. వానలు లేని వేసవిలో వాటికి ఆ నీరే ఆధారం. ఈ లోయలోని పాత అడవిని పందొమ్మిదో శతాబ్దంలోనే చాలావరకు నరికేశారు, సున్నపు బట్టీలకు కొంత, ఇళ్ళకు కొంత. ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా ఆ మొదళ్ళ చుట్టూ లేచిన పిలకలు. అందుకని చాలాచోట్ల మధ్యలో పాత మోడు, దాని చుట్టూ గుండ్రంగా చెట్లు కనిపిస్తాయి. పిలకలని తేలిగ్గా అనుకోకండి. మొదలును ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనివి ఉన్నాయి.

అక్కడ గుడి లేదు, శిలువ కట్టిన పెద్ద చర్చీ లేదు. చెక్కతో కట్టిన వసతి గృహాలు, వంట గదులు, కాలిబాటలు. క్వేకర్లే అయి ఉండాలనే నియమం లేదు. ముందుగా గది కోసం రాసుకుంటే ఎవరైనా ఒంటరిగానో కుటుంబంతోనో వెళ్ళి ఉండవచ్చు. గంట కొట్టి లేపేవారు ఉండరు. గురువుగారు ఉండరు. ఇది మనవాళ్ళకు మొదట ఇబ్బందిగా ఉంటుంది. "ఇంత దూరం వచ్చాం, ఎవరూ ఏమీ చెప్పరేమిటి?" అని ఒక పెద్దాయన నన్నే అడిగారు.

క్వేకర్లు క్రైస్తవంలో నుంచి పుట్టిన ఒక చిన్న శాఖ. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అనే ఆయనతో మొదలైంది. వాళ్ళు పెట్టుకున్న పేరు "స్నేహితుల సమాజం". క్వేకర్లు, అంటే వణికేవాళ్ళు, అన్నది ఇతరులు ఎగతాళిగా పెట్టిన పేరు. యుద్ధాల్లో ఆయుధం పట్టకుండా సహాయ కార్యక్రమాలు చేసినందుకు 1947లో వాళ్ళ సంస్థలు రెండింటికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్ళలోనూ పాటలు, ప్రసంగాలు ఉన్న శాఖలు ఉన్నాయి. కాని పాత పద్ధతి వాళ్ళ ప్రార్థన విచిత్రంగా ఉంటుంది. ఒక గదిలో ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చుంటారు. పురోహితుడు లేడు. గంటసేపు అందరూ ఊరికే ఉంటారు. ఎవరికైనా లోపల నుంచి మాట వస్తే లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. ఏ మాటా రాకపోతే రానట్టే. చివర్న పక్కవాళ్ళతో చేతులు కలుపుతారు. అయిపోయింది.

ఒక్కటి గమనించండి. ఇది కలిసి కూర్చునే మౌనం. భార్య అడిగినదానికి కాగితం మీద రాసి ఇచ్చే మౌనం కాదు!

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. అక్కడ మాస్టారికి పోటు ఎందుకు దిగింది? మొదటి కారణం ఆయన మానేశాననుకున్న మాత్రే. అమ్లోడిపిన్ నెమ్మదిగా దిగే మందు. ఒంట్లో ఉన్న మందులో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. పూర్తిగా ఖాళీ కావడానికి వారం పైన. అంటే ఆ మూడు రోజులూ ఆయన వెనకటి మాత్రల మీదే నడిచారు. "మానేసినా బాగానే ఉంది" అని చాలామంది మోసపోయేది ఇక్కడే. అన్ని మందులూ ఇంత దయగలవి కావు కూడా. అటెనొలాల్, ప్రొప్రనొలాల్, క్లోనిడిన్ వంటివి ఉన్నపళంగా ఆపితే పోటు, గుండె దడ ఒక్కసారి ఎగదన్నుతాయి.

రెండో కారణం ఉప్పు. మీ ఉత్తరంలోనే రాశారు, అక్కడ కొడుకు వండిన చప్పిడి కూరలు, పండ్లు, రొట్టె తిన్నామని. ఆవకాయ లేదు, ఊరమిరపకాయ లేదు, అప్పడం లేదు, ఉప్పు చేప లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు. మన ఇళ్ళలో ఊరగాయతోనే అందులో మంచి భాగం ఖర్చయిపోతుంది. దీనికి తోడు కొండ బాటల్లో రోజూ నడిచారు, రాత్రి తొమ్మిదింటికే పడుకున్నారు, టీవీ లేదు.

మరి మౌనానికి, చెట్లకు ఏ ఫలమూ లేదా? ఉంది. దాన్ని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు చిరాకే. జపాన్‌లో అడవిలో నెమ్మదిగా తిరగడాన్ని అటవీ శాఖ వారే 1982 నుంచి "అడవి స్నానం" అనే పేరుతో ప్రచారం చేస్తున్నారు. ప్రశాంతంగా కూర్చుని నెమ్మదిగా శ్వాస తీస్తే నాడి నిదానిస్తుంది, పోటు కొన్ని పాయింట్లు దిగుతుంది. ధ్యానం గురించి జరిగిన పరిశోధనలన్నీ చూసి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది కూడా దాదాపు ఇదే: కొంత మేలు ఉండవచ్చు, మామూలు వైద్యానికి తోడుగా చేసుకోండి, దాని బదులుగా కాదు.

తోడు, బదులు. ఈ రెంటికీ తేడా మన దేశంలోనే తేలిన కథ ఒకటుంది. క్షయకు మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటికే వెలిసింది. తెలుగు దేశం నలుమూలల నుంచి రోగులు అక్కడికి వెళ్ళేవారు. మందులు వచ్చాక కూడా శానిటోరియం గాలి తప్పనిసరి అనే నమ్మకం పోలేదు. అప్పుడు 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, మిగిలినవారిని వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచారు. మందులు ఇద్దరికీ అవే, ఏడాదిపాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికీ ఇంచుమించు అంత బాగానూ నయమైంది. గాలి చెడ్డదని ఎవరూ అనలేదు. జబ్బును లొంగదీసింది మందు.

క్వేకర్లకు కూడా ఈ తేడా తెలియనిది కాదు. ఇంగ్లండులోని యార్క్ పట్టణపు పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అనే క్వేకర్ స్త్రీ 1790లో చనిపోయింది. చూడటానికి వెళ్ళిన స్నేహితులను లోపలికి రానివ్వలేదు. ఆ బాధతో విలియం ట్యూక్ అనే తేయాకు వర్తకుడు పూనుకుని 1796లో "రిట్రీట్" అనే ఆసుపత్రి తెరిచాడు. గొలుసులు లేవు. తోట, కోళ్ళు, కుందేళ్ళు, చేయడానికి పని, మర్యాదగా మాట్లాడే మనుషులు. మనోవ్యాధికి మందంటూ లేని ఆ కాలంలో అది పెద్ద మార్పు. అక్కడ రోగికి దొరికింది ఏకాంతం కాదు, సాటి మనుషుల ఆదరణ.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మీ ఉత్తరంలో పోటు అంకెల కంటే నన్ను ఆపింది మూడో పేజీ. ఆయన సరిగా తినడం లేదు, మనవరాలు ఫోన్ చేసినా ముఖం చాటేస్తున్నారు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది అని రాశారు. ఇవి రెండు వారాలు దాటి ఉంటే దాన్ని మౌనవ్రతం అనుకోకండి. మనసు కుంగిపోయే జబ్బుకు ఇవే లక్షణాలు. రిటైరయిన మగవాళ్ళలో, పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి బోసిపోయిన ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళలో, ఇది కొత్త కాదు. దీనికి మంచి వైద్యం ఉంది. పోటు చూసే డాక్టరుతోనే ఈ సంగతి కూడా చెప్పండి. ఆయన చెప్పరు, మీరే చెప్పాలి.

ఆంధ్రలో కూడా అలాంటి మౌన శిబిరం ఏదైనా ఉంటే పంపమంటారా అని అడిగారు. ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన కేంద్రం ఉంది. రుసుము లేదు, విరాళాల మీద నడుస్తుంది. కాని అది బెన్ లోమండ్ లాంటి విడిది కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పది రోజులపాటు గట్టి నియమంతో కూర్చోవాలి. సాయంత్రం భోజనం ఉండదు, కొత్తవారికి టీ, పండ్లు మాత్రమే. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగులు, మానసిక వ్యాధికి చికిత్స పొందినవారు ముందే అన్నీ దాచకుండా చెప్పి, తమ డాక్టరును అడిగి గాని వెళ్ళకూడదు. మాస్టారిని ఇప్పుడు పంపవద్దు.

అడవి కూడా ఎప్పుడూ అడవిగా ఉండదు లెండి. 2020 ఆగస్టులో పిడుగులు పడి ఆ కొండల్లో మంటలు లేచాయి. 86,000 ఎకరాలకు పైగా కాలిపోయింది. బెన్ లోమండ్‌తో సహా లోయ అంతా ఖాళీ చేయించారు. నల్లగా మాడిన రెడ్‌వుడ్ మొదళ్ళ నుంచి తరువాత పచ్చగా పిలకలు వచ్చాయి.

మీకు ముక్తేశ్వరంలో లేనిదేమిటి? ఎదురుగా గౌతమి, అవతల కోటిపల్లి. జనం చేరి మొదటి పంటు బయలుదేరేలోగా ఆ రేవులో వినపడేది నీళ్ళ చప్పుడే. ఆయన్ను అక్కడికి వెళ్ళవద్దనకండి. మీరూ వెళ్ళండి. అరగంట పక్కన కూర్చోండి, ఫోన్లు ఇంట్లో పెట్టి. తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద ఇద్దరూ నడవండి, కబుర్లు చెప్పుకుంటూ. ఊరగాయ జాడీ భోజనాల బల్ల మీద నుంచి అటక మీదకు మార్చండి. కొబ్బరి నీళ్ళు తాగవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరును అడిగి తాగాలి, పొటాషియం ఎక్కువ గనుక.

ఇంట్లో పోటు కొలిచే యంత్రం ఉందన్నారు. ఏడు రోజులు పొద్దున్న మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలిచి, ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. కొలిచే ముందు అరగంటలో కాఫీగాని చుట్టగాని వద్దు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచాలి. పట్టీ కట్టే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఆ అయిదు నిమిషాలూ, కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. అప్పుడు మాత్రం మాస్టారి మౌనవ్రతానికి అడ్డు చెప్పకండి.