సిరి లేని ఇళ్ళలో సిరి గురించి

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. ప్రార్థన, డబ్బు, ఫోను. ఈ మూడింటి గురించి మా హాస్టల్లో మేము ఆరుగురం చాలా రోజులుగా మాట్లాడుకుంటున్నాం. అదే రాస్తున్నాం. మన గ్రూపులో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళు కాదని మాకు తెలుసు. ఊరి దేవతకు, కొండదేవతకు మొక్కే మిత్రులు చాలామంది ఉన్నారు. ఎవరినీ ఇటు రమ్మని రాయడం లేదు. డబ్బు మీద యావ అందరినీ ఒకేలా లాగుతుంది, అందుకే అందరినీ చదవమంటున్నాం.

యూత్ మీటింగుల్లో మాకు తరచూ వినిపించే మాట ఒకటుంది. ఫోను లోకం, బండి లోకం, మంచి బట్టలు లోకం, ఇవన్నీ వదిలితేనే భక్తి అని. వింటున్నప్పుడు నిజమే అనిపిస్తుంది. గదికి తిరిగొచ్చాక మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోతుంది. మేము ఆరుగురం మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. అమ్మానాన్నలు చోళ్ళు, సామలు పండించి, చింతపండు, అడ్డాకులు సంతకు మోసి, కాఫీ పండ్లు కోసి మమ్మల్ని పంపారు. మరి మేము ఉద్యోగం కావాలనుకోవడం కూడా లోకమేనా? ఫోను లేకపోతే స్కాలర్‌షిప్ ఓటీపీ ఎక్కడికొస్తుంది? ఇంటికి రేకులు వేయించాలని, నాన్నకు కంటి ఆపరేషన్ చేయించాలని అనుకోవడం ధనాశ అవుతుందా? ఇంకా చేతికే రానిదాన్ని వదిలేయమంటే మేము ఏం వదలాలి?

అందుకని ఒక నెలపాటు మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం, నిదానంగా చదివాం. ముందు ఆ మాటలు విన్నవాళ్ళు ఎవరా అని చూశాం. గలిలయలో చేపలు పట్టుకునేవాళ్ళు, రోగాలతో వచ్చినవాళ్ళు, ఏ పూట కూలి ఆ పూట తినేవాళ్ళు. అదే సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. పని దొరక్క సాయంత్రం దాకా వీధిలో నిలబడ్డవాళ్ళు అందులో కనిపిస్తారు. అలాంటి జనం మధ్యే యేసు చెప్పాడు, దేవునికీ సిరికీ ఒకేసారి దాస్యం చేయలేరని. తెలుగు బైబిల్లో సిరి అని ఉన్నచోట మూలంలో మామోను అనే అరామిక్ మాట ఉంది. ధనాన్ని ఒక యజమానిలాగా నిలబెట్టి చెప్పిన మాట అది.

మాకు అర్థమైంది ఏమిటంటే, సిరికి దాసులు కావడానికి ఇంట్లో సిరి ఉండక్కర్లేదు. జేబులో పది రూపాయలు లేనివాళ్ళు కూడా లేచింది మొదలు పడుకునేదాకా దాన్నే తలుచుకుంటుంటే దాని కొలువులో ఉన్నట్టే. అలాగని తిండి, బట్ట కోరుకోవడం తప్పని ఆయన అనలేదు. మనకు ఇవి కావాలని తండ్రికి తెలుసన్నాడు. ఏ రోజు రొట్టె ఆ రోజు అడగమని ప్రార్థనలోనే నేర్పాడు. కాబట్టి నాన్న కంటి ఆపరేషన్ లోకం కాదు. ఆ అవసరం చాటున మా మనసులోకి దూరేది వేరే ఉంది.

అదేమిటో హాస్టల్లో ఉన్నవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. రీల్సులో ఎవరో కొత్త బండి దగ్గర నిలబడతారు, అది చూశాక మన చెప్పులు మనకే నచ్చవు. కంతుల మీద ఫోను, ఆధార్ పెడితే లోను, వంద పెడితే వెయ్యి అనే ఆట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మా ఫోన్లకు లింకులు వస్తూనే ఉన్నాయి. ఇవేవీ నాన్న కన్ను బాగు చేయవు. కానీ అన్నీ ఇంటి కష్టం పేరు చెప్పుకునే మన దగ్గరికి వస్తాయి.

విత్తేవాడి ఉపమానం మనకు అర్థమైనంత బాగా పట్నం వాళ్ళకు అర్థమవుతుందో లేదో. మత్తయి 13లో ఉంది. కొన్ని గింజలు దారి పక్కన పడ్డాయి, కొన్ని రాతి నేలలో, కొన్ని ముళ్ళపొదల్లో, కొన్ని మంచి నేలలో. పోడు కొట్టిన ఇళ్ళ పిల్లలం కదా, పొద నరికి, ఎండబెట్టి, కాల్చేసినా వేరు భూమిలోనే ఉంటుందని మనకు తెలుసు. మొదటి వాన పడగానే చోడి మొలకతోపాటు అదీ లేస్తుంది. ముళ్ళు ఎక్కడినుంచో వచ్చి పడవు. అదే నేలలో, అదే నీళ్ళు తాగి పెరుగుతాయి. ఆ ముళ్ళు ఏమిటో యేసే విప్పి చెప్పాడు. ఒకటి బతుకు చింత, రెండోది ధనం చేసే మోసం. మేము ఇక్కడే ఆగిపోయాం. చింత పేదవాడిది, ధనమోసం కలవాడిది అనుకుంటాం. ఆయన రెండింటినీ ఒకే పొదలో పెట్టాడు. మా ఆరుగురి మనసుల్లోనూ రెండూ కలిసే మొలుస్తున్నాయి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మాలో ఒకరి అమ్మగారు మొన్న కాఫీ డబ్బులు రాగానే అందులోంచి రెండు వేలు ఫోనులో కనిపించే ఒక ప్రసంగీకుడికి పంపించారు. విత్తన కానుక పంపితే వంద రెట్లు వస్తుందని, పిల్లలకు ఉద్యోగం వస్తుందని ఆయన చెప్పాడట. విషయం తెలిసి అడిగితే ఆ తల్లి, "మీ కోసమే కదా పంపాను" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆవిడ భక్తిని తప్పు పట్టే అర్హత మాలో ఎవరికీ లేదు. రెండు వేలంటే ఆ ఇంట్లో ఎన్ని రోజుల కోతో మాకు తెలుసు.

కానీ ఆ ప్రసంగీకుడి మాట దగ్గర మాత్రం ఊరుకోలేం. నూరంతలు అన్న మాట ఈ విత్తేవాడి కథలోనే ఉంది. అక్కడ విత్తనమంటే వాక్యం, నోటు కాదు. అదే కథలో ధనమోసం అనే ముళ్ళు కూడా ఉన్నాయి. పంట చూపించి ముళ్ళను దాచేస్తే మిగిలేది వ్యాపారమే. మా ఊరి పాస్టర్ అయ్యగారితో ఈ సంగతి మాట్లాడాం. ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు. తర్వాతి ఆదివారం ఆ ఉపమానాన్ని మొదటినుంచి చివరిదాకా చదివించి, మన భాషలో వివరించారు. ముసలివాళ్ళు కూడా తలలూపారు. భక్తికి మొదటి శత్రువు ఫోను అనుకునేవాళ్ళం. భక్తి వేషంలోనే సిరి రావచ్చని ఆ రోజు తెలిసింది.

మరి అన్నీ వదిలేసినవాళ్ళ సంగతి? మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఆంతోని అనే కుర్రాడు ఉండేవాడు. అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ అతని జీవితం రాశాడు. తల్లిదండ్రులు పోయేనాటికి అతనికి పద్దెనిమిదో ఇరవయ్యో ఏళ్ళు, అంటే మా ఈడే. ఉన్నదమ్మి బీదలకిమ్మన్న వాక్యం చర్చిలో విని తన సారవంతమైన భూమిని ఊరివాళ్ళకు ఇచ్చేశాడు. మిగతా సామాను అమ్మిన డబ్బులో చాలావరకు బీదలకు పంచి, చెల్లెలి కోసం కొంత ఉంచాడు. తర్వాత అదీ ఇచ్చేసి, చెల్లెల్ని నమ్మకమైన స్త్రీల దగ్గర ఉంచి, ఎడారి బాట పట్టాడు. అలాంటివాళ్ళంటే మాకు గౌరవం. కానీ అతను వదిలింది తన సొంత భూమిని. మా చదువు మా ఒక్కళ్ళది కాదు, అందులో ఇంటిల్లిపాది చెమట ఉంది. దాన్ని వదిలేసి భక్తి అనడానికి మాకు హక్కు లేదనిపించింది.

మాకు దగ్గరగా కనిపించింది పౌలు దారి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో, కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట్లో ఉండి వాళ్ళతోపాటు డేరాలు కుట్టాడని ఉంది. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్ళు కష్టపడ్డానని ఉత్తరాల్లో రాశాడు. పని చేసుకుంటూ, పనికి దాసుడు కాకుండా ఉండడం కుదురుతుందనడానికి అదే సాక్ష్యం.

ఇక చేతల దగ్గరికి వద్దాం. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని మత్తయి 6లో ఉంది. మా గదిలో ఎనిమిది ట్రంకు పెట్టెలు, ఒక ట్యూబులైటు. తలుపు వేసినా ఏకాంతం దొరకదు. మాకు తలుపంటే ఫోనేనని తేల్చుకున్నాం. పొద్దున ఐదింటికి ఆరు ఫోన్లూ ఒక ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేస్తాం. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటాం. చదువుకునేవాళ్ళకు, నిద్రపోయేవాళ్ళకు ఇబ్బంది లేకుండా చిన్న గొంతుతో పాడతాం. ముప్పావుగంట, అంతే. పరీక్షలప్పుడు పది నిమిషాలు. ఒక్కో రోజు ముగ్గురమే ఉంటాం. రానివాళ్ళను ఎవరూ నిలదీయరు.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. మా అమ్మలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది చర్చికి వెళ్తుంది. మిజోరంలో మనలాంటి గిరిజన క్రైస్తవులు ఇదే పని వందేళ్ళకు పైగా చేస్తున్నారు, దాన్ని బుహ్‌ఫాయి థామ్ అంటారు. పిడికెడు పిడికెడు పోగేసిన ఆ బియ్యంతో సంఘం పనులు నడుస్తాయి. ఇందులో మాకు నచ్చింది ఒకటే. తిన్నాక మిగిలింది ఇవ్వరు, పొయ్యి మీద ఎసరు పెట్టకముందే తీస్తారు. రోజులో మొదటి పిడికెడు సమయం కూడా ఫోను తినకముందే తీయాలి. స్కాలర్‌షిప్ పడినప్పుడు తలా కొంత ముందే తీసి ఒక డబ్బాలో వేస్తున్నాం. పోయిన సెమిస్టర్లో వాళ్ళమ్మకు బాగాలేదని ఇంటికి పోవాల్సిన జూనియర్‌కు బస్సు చార్జీ అందులోంచే ఇచ్చాం. ఆ జూనియర్ చర్చికి వెళ్ళేవారు కాదు. ఆ సంగతి మాకు గుర్తు కూడా రాలేదు.

రేపు మాలో ఎవరికైనా ఉద్యోగం వస్తే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. జీతం వచ్చిన రోజు కూడా ఇదే పిడికెడు ముందు తీస్తామా, రేకులు వేశాక స్లాబు, స్లాబు వేశాక పక్కింటివాళ్ళ కారు అని చూస్తూ పోతామా? ఇప్పుడు చేతిలో తక్కువ ఉండగా అలవాటు చేసుకుంటేనే అప్పుడు నిలబడగలం అనుకుంటున్నాం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ, మీకు జీతాలు మొదలయ్యాక ఏం జరిగిందో దయచేసి రాయండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ నమ్మకం ఏదైనా సరే, మీ పిడికెడు మీరు ఎలా తీస్తున్నారో చెప్పండి. ఊళ్ళో ఫోను చూసే అమ్మలకు, నాన్నలకు విత్తన కానుకల సంగతి మాత్రం ఈ వారమే చెప్పండి. కోపంగా కాదు, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి.