అయోవాకి ఓ పూలకుండీ

కడియం నర్సరీలకి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు పూలు పంపడం చేతకాలేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. మీకూ అమెరికాలో కూతురో కోడలో ఉండే ఉంటుంది కదా! రేపు మీకీ అవసరం పడితే నాలాగా తికమకపడకుండా ఉంటారని ఇదంతా చెప్తున్నాను.

2019లో మా అమ్మాయి పురిటికి వెళ్ళి ఆరు నెలలున్నాను. అమెరికా అనగానే న్యూయార్క్ మేడలు ఊహించుకోకండి. మా అల్లుడు డాక్టరు. అప్పట్లో వాళ్ళుండేది అయోవా రాష్ట్రంలో జెఫర్సన్ అనే ఊళ్ళో. జనాభా నాలుగు వేల పైచిలుకు. మన మండల కేంద్రం కన్నా చిన్నది! ఊరి నడిమధ్య కోర్టు, దాని పక్కన 168 అడుగుల గంటల స్తంభం. ఆ గంటలు పాటలు వాయిస్తుంటే వంటింట్లోకి వినిపించేవి. ఊరు దాటితే ఇక మొక్కజొన్న, సోయాబీను, మళ్ళీ మొక్కజొన్న. రోడ్లన్నీ మైలుకొకటి చొప్పున గళ్ళ చీరలా నిలువూ అడ్డమూ. చుట్టుపట్ల ఇల్లన్నది కనపడని చేల మధ్య '240వ వీధి' అని బోర్డు పెడతారు. మిగతా 239 వీధులూ ఏవని మా అల్లుణ్ణి అడిగితే ఒకటే నవ్వు.

పక్కింట్లో ఓ పెద్ద దంపతులు. పొలం కొడుక్కి అప్పగించి ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నారు. పెద్దాయన మాత్రం రోజూ పొద్దున్నే పొలానికి పోవాల్సిందే. మా పెద్ద మనవడికప్పుడు నాలుగేళ్ళు. పురిటి హడావుడిలో వాడి గోల ఎవరూ పట్టించుకోకపోతే, ఆయనే వచ్చి తీసుకెళ్ళి ట్రాక్టరు ఎక్కించి తిప్పేవాడు. ఆవిడేమో వారం రోజులు వరసగా ఏదో ఒక వంటకం గిన్నెలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి వెళ్ళేది. మాకు మాంసం లేకుండా వేరే చేసి మరీ! ఆవిడ మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట ఆవిడకి పావు వంతు. అయినా ఆరు నెలలూ కబుర్లు చెప్పుకుంటూనే గడిపాం.

పూల విషయంలో వాళ్ళ పద్ధతులు చూసి ముచ్చటపడ్డాను. మే 1న పిల్లలు కాగితపు బుట్టల్లో పూలు, చాక్లెట్లు పెట్టి, ఇళ్ళ తలుపులకి తగిలించి, గంట కొట్టి పరుగో పరుగు. మే నెల ఆఖరి సోమవారం వాళ్ళ మెమోరియల్ డే. యుద్ధాల్లో పోయిన సైనికుల కోసం మొదలైనా, ఇప్పుడు ఇంటింటి వాళ్ళూ తమ పెద్దల సమాధులకి పూలు తీసుకెళ్తారు. సరిగ్గా ఆ రోజులకే అక్కడ పియొనీలు పూస్తాయి. ముద్దబంతికి నాలుగింతలుంటుంది పువ్వు. నాయనమ్మ నాటిన దుబ్బు మనవరాలి కాలంలోనూ పూస్తుందట. పక్కింటావిడ వాటిని కోసి, చీమలు దులిపి, ఖాళీ కాఫీ డబ్బాలకి వెండి కాగితం చుట్టి వాటిలో సర్దింది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ అత్తగారి సమాధి పక్కనే వీళ్ళిద్దరి పేర్లతో రాయి అప్పటికే సిద్ధంగా ఉంది! పుట్టిన ఏడు చెక్కి, రెండోది ఖాళీగా వదిలారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆవిడ మాత్రం మామూలుగా ఆ రాయి మీద దుమ్ము తుడిచింది.

2021లో మా అమ్మాయి వాళ్ళు డల్లాస్ మారిపోయారు. 2022 ఫిబ్రవరిలో ఓ బుధవారం పొద్దున్న ఫోను. "అమ్మా, తాతగారు పోయారు." పక్కింటాయన్ని మా వాడు తాతగారనే పిలిచేవాడు. "పూలు పంపుదాం" అంది అమ్మాయి.

ఇక్కడే నాకు కాళ్ళాడలేదు. భర్త పోయిన ఇల్లాలికి పూలు పంపడమా?

1998లో మా నాన్నగారు పోయారు. పదో రోజున అమ్మకి తలనిండా పూలు పెట్టి, చేతులనిండా గాజులు తొడిగి, తరవాత అవన్నీ తీసేసిన దృశ్యం నా కళ్ళలోంచి ఇంతవరకూ పోలేదు. అమ్మ పెంచిన మల్లెపొద పెరట్లో ఇంకా పూస్తోంది. తనే కోస్తుంది, తనే మాల కడుతుంది, వీధిలో ఆడపిల్లలందరికీ పంచుతుంది. ఒక్క పువ్వు తనకని ఉంచుకోదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి అమ్మలో అత్తలో ఉండే ఉంటారు. మనం పూలు తీసేసుకునే రోజున వాళ్ళు పూలు పంపుకుంటారు. ఆలోచించగా ఆలోచించగా, ఆవిడ ఊళ్ళో ఆవిడ పద్ధతే సబబనిపించింది.

సరే, సెల్లులో వెతికాను. ఊరి పేరు కొట్టగానే ఆ ఊరి కొట్టే అన్నట్టు ఒకటి కనపడింది. అందులో బొమ్మలన్నిట్లోకీ పెద్దగా, నిండుగా ఉన్న తెల్లగులాబీల అమరికను ఎంచి, డబ్బు కట్టేశాను. మర్నాడు సాయంత్రం మెయిలు: శుక్రవారానికి అందించలేం, 15న ఇస్తాం అని. తీరా చూస్తే ఆ కంపెనీ ఆ ఊరిదీ కాదు, ఆ రాష్ట్రానిదీ కాదు! ఇలాంటివాళ్ళు మన దగ్గర ఆర్డరు పుచ్చుకుని, తమ వాటా మినహాయించుకుని, మిగిలిన సొమ్ముకి ఆ ఊరి కొట్టువాళ్ళకి అప్పగిస్తారన్నమాట. ఊరికీ ఊరికీ మధ్య పూల బేరం కొత్తదేం కాదు. 1910లోనే అక్కడి పూల వర్తకులు కొందరు కలిసి, టెలిగ్రాం మీద ఒకరి ఆర్డర్లు ఒకరు అందించుకునే ఏర్పాటు చేసుకున్నారు. పాదాలకి రెక్కలున్న దేవుడు పూలు పట్టుకుని పరిగెత్తే బొమ్మ వాళ్ళ గుర్తు. వాళ్ళ సంగతి వేరు, మధ్యలో దూరిన ఇలాంటి దళారుల సంగతి వేరు. పైగా అది ప్రేమికుల రోజు ముందు వారం! పూలకొట్లకి మన శ్రావణ శుక్రవారం లాంటిది.

అమ్మాయి చెప్పింది, "నేరుగా ఆ ఊరి కొట్టుకే ఫోను చెయ్యమ్మా" అని. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే చలికాలంలో అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర. అడగాల్సినవన్నీ ఇంగ్లీషులో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. నా గొంతు వణకడం నాకే వినిపించింది. అవతల కొట్టావిడ ఓపిగ్గా విని, "ఇండియానా? అయితే ట్రాక్టరు మీద తిరిగిన చిన్నబాబు అమ్మమ్మవా నువ్వు?" అంది. చిన్న ఊరంటే అదీ!

నేను ఎంచిన బొమ్మ సంగతి చెప్పాను. ఆవిడ క్షణం ఆగి, నెమ్మదిగా చెప్పింది. అది శవపేటిక మీద పరిచే అమరికట. భార్యా బిడ్డలు మాత్రమే పెట్టాలి, పైవాళ్ళు పంపకూడదు. చూశారా! ఆ కంపెనీ వాళ్ళు మాట తప్పడం వల్లే నా పరువు దక్కింది. (డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి ఎనిమిది రోజులు పోట్లాడాననుకోండి.)

ఇంకో చిక్కు. పేపరులో వేసిన చావు కబురు చివర "పూలకు బదులు ఊరి అగ్నిమాపక దళానికి విరాళం ఇవ్వండి" అని ఉంది. అలాంటి ఊళ్ళలో మంటలార్పేది జీతగాళ్ళు కాదు, ఊరివాళ్ళే. "అలా రాసినప్పుడు పూలు పంపితే తప్పా?" అని అడిగాను. "తప్పు కాదు. కానీ నా మాట విను," అందావిడ. శుక్రవారం సాయంత్రం చూడ్డానికి జనం వస్తారు. శనివారం చర్చిలో ప్రార్థన, ఖననం, తరవాత చర్చి కింది గదిలో ఊరి ఆడవాళ్ళు వండి తెచ్చిన భోజనం. ఆ రెండు రోజులూ ఆవిడ చుట్టూ మనుషులే. ఆ తరవాత ఇల్లు ఖాళీ. "రెండు వారాలాగి ఇంటికే ఓ మొక్క పంపుదాం. పైగా ఇప్పుడు బయట గడ్డకట్టే చలి, కారు దిగి గుమ్మం చేరేలోపు పూరేకులు నల్లబడతాయి. మొక్కయితే కాగితం చుట్టి నేనే పట్టుకెళ్తాను."

ఈ మాట మన పెద్దవాళ్ళెవరైనా చెప్పినట్టే ఉంది కదూ! లెక్కేసుకున్నాను. రెండు వారాలంటే మనకి పెద్దకర్మ అయి, చుట్టాలందరూ బస్సెక్కి వెళ్ళిపోయే రోజులు. ఇంట్లో మనిషి లేడని నిజంగా తెలిసొచ్చేది అప్పుడే.

పీస్ లిల్లీ అని, పచ్చటి ఆకుల మధ్య దోసిలి పట్టినట్టు తెల్లటి పువ్వు. కడియంలో కుండీలు కుండీలుగా ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. కుండీ, చేరవేత కలిపి 60 డాలర్లు, అంటే అప్పటి లెక్కన రూ. 4,500. కడియంలో ఎంతకొస్తుందో మీకు తెలుసు కాబట్టి ఆ ఊసెత్తను. అగ్నిమాపక దళానికి అమ్మాయి వేరే పంపింది. కార్డు మీద ఏం రాయమంటావంటే, నా కాగితంలో రాసుకున్న పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు పక్కన పెట్టి, "మీ ఆయన మా మనవణ్ణి ట్రాక్టరు ఎక్కించారు. మేం మర్చిపోలేదు" అని మాత్రం రాయించాను.

ఏప్రిల్లో ఆవిడ దగ్గర్నుంచి చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది. ఎంత దుఃఖంలో ఉన్నా, పంపిన ప్రతివాళ్ళకీ కృతజ్ఞత చెబుతూ రాయడం వాళ్ళ మర్యాద. మొక్కని వంటింటి కిటికీలో పెట్టుకుందట. నీళ్ళు మర్చిపోతే ఆకులన్నీ వాలిపోతాయట, పోసిన పూటకే లేచి నిలబడతాయట. "పొద్దున్నే లేవడానికి నాకో పని దొరికింది" అని రాసింది.

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "అయితే ఆవిడకిచ్చిన పూలు ఆవిడే ఉంచుకుందా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు నేను బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, "ఈసారి కడియం మీదుగా వస్తే అలాంటి కుండీ ఒకటి పట్రా. నా గదిలో పెట్టుకుంటాను" అంది.