ఆటల పెట్టె ఎక్కించాం, చెల్లి పెట్టె మరిచాం

పోస్టు కొంచెం పెద్దది. పాత వీడియో గేమ్ గురించి ఇంత రాయాలా అని కొందరు నవ్వొచ్చు. చివరిదాకా చదవండి, ఎందుకు రాశామో తెలుస్తుంది.

మాది కూనవరం దగ్గర, శబరి ఒడ్డున ఊరు. మేమంటే మేం ఇద్దరం అన్నదమ్ములం, మా మేనత్త కొడుకు బావ. మా పెద్దనాన్న కొడుకు, మేం పెద్దన్న అంటాం, ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు వేసవి సెలవుల్లో తునికాకు కోసి, కట్టలు కట్టి, ఆ డబ్బులతో భద్రాచలంలో ఒక టీవీ గేమ్ కొన్నాడు. ఇంటికి పుస్తకాలు తెస్తాడనుకుంటే ఇది తెచ్చాడని పెద్దనాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే బాతుల ఆట తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు.

మనం క్యాసెట్ అంటామే, దాన్నే బయట కార్ట్రిడ్జ్ అంటారు. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫ్యామిలీ కంప్యూటర్ అనే మెషీన్ తెచ్చింది. మన దగ్గర బజార్లలో అమ్మినవి ఎక్కువగా దానికి నకళ్లే. అందుకే మన క్యాసెట్‌కి కూడా కింద దాని లాగే 60 పిన్నులుంటాయి. మారియో, కాంట్రా, బాంబర్‌మ్యాన్, రోడ్ ఫైటర్. '9999 ఇన్ 1' అని రాసున్న క్యాసెట్ పెడితే పట్టుమని పాతిక ఆటలు కూడా ఉండవు, అవే పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. అయినా ఊరి పిల్లలందరం ఆ ఒక్క టీవీ ముందే పెరిగాం. పెద్దన్న పనికోసం విజయవాడ వెళ్లేటప్పుడు రెండు మెషీన్లు, ఇరవై మూడు క్యాసెట్లు, ఒక బ్రిక్ గేమ్ మాకు అప్పజెప్పి, "జాగ్రత్తరా" అన్నాడు. ఆ ఒక్కమాట మాకు బాగా గుర్తుండిపోయింది. గుర్తుండాల్సింది ఇంకోటి ఉందని తర్వాత తెలిసింది.

2022 జూలై. గోదావరి ఎగపోటుకి శబరి వెనక్కి తన్నింది. 16వ తారీఖున భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దోళ్లు చెప్తుంటే విన్నాం గానీ, అంత నీళ్లు మా కళ్లతో చూడటం అదే మొదలు. రాత్రి నీళ్లు వాకిట్లోకి రాగానే మేం ముగ్గురం చేసిన మొదటి పని, ఆటల పెట్టె అటక మీదికి ఎక్కించడం. తర్వాత బియ్యం, మేకలు, తాత. పడవలో కూర్చున్నాక చెల్లి అడిగింది, "అన్నా, నా ట్రంకు పెట్టె తెచ్చారా?" అని.

తేలేదు. అందులో దాని టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, కులం సర్టిఫికెట్ ఉన్నాయి. మంచం కిందే ఉండిపోయింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెల్లి ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

నీళ్లు తీశాక ఇంటికొస్తే అటక కూడా మునిగింది. మేం అంత ప్రేమగా ఎక్కించిన పెట్టెలోనూ బురదే. చెల్లి కాగితాలు ముద్దయిపోయాయి. ఒక్కటి కూడా చదవడానికి రాలేదు. డూప్లికేట్ల కోసం తిరిగి తిరిగి అవి చేతికొచ్చేసరికి ఆ ఏడాది డిగ్రీ అడ్మిషన్ పోయింది. ఏడాది ఆలస్యంగా చేరింది. ఈ తప్పు మాదే, ఇంకెవరి మీదా వేయం.

ఆ క్యాసెట్లు చాలారోజులు మూల పడేశాం, చూడబుద్ధి కాలేదు. చెల్లే ఒకరోజు పెట్టె ముందు పెట్టి, "వీటినైనా బాగుచెయ్యండి, పెద్దన్న అడుగుతాడు" అంది. మొబైల్ రిపేర్ చేసే ఫ్రెండు దగ్గర అడిగి, చేసి, కొన్ని పాడుచేసి నేర్చుకున్నాం. మీకు పనికొస్తుందని రాస్తున్నాం.

తడిసిన వస్తువుని ఆడుతుందో లేదో చూద్దామని కరెంటు పెట్టొద్దు. మేం ఒక మెషీన్ అట్లే కాల్చుకున్నాం. ముందు మూత విప్పాలి. కొన్ని క్యాసెట్లకి స్క్రూలుండవు, కొక్కేలు ఉంటాయి, నిదానంగా తియ్యాలి. లోపలి బోర్డు మీది బురద మంచినీళ్లతో కడిగి, తర్వాత రిపేర్ షాపుల్లో దొరికే ఐపీఏ అనే స్పిరిట్‌తో మెత్తటి టూత్ బ్రష్ పెట్టి తుడవాలి. కిరోసిన్, పెట్రోలు వాడొద్దు. ఎండలో కాకుండా నీడలో, గాలి తగిలేచోట కొన్ని రోజులు ఆరనివ్వాలి. పిన్నులు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొట్టు తుడిచెయ్యాలి.

చిన్నప్పుడు క్యాసెట్ ఆడకపోతే నోటితో ఉఫ్ అని ఊదేవాళ్లం కదా. అది తప్పంట. ఊపిరిలో తేమ పిన్నుల మీద చేరి తుప్పు పడుతుంది. తీసి మళ్లీ పెట్టడం వల్ల ఆడేది, మనం ఊదినందుకు అనుకునేవాళ్లం.

ఇంక దాచడం. వానరోజు మూటకట్టొద్దు, గాల్లో ఉన్న తేమ కూడా లోపలే ఉండిపోతుంది. మేం ఫిబ్రవరి, మార్చిలో పొడిరోజు చూసి కడతాం. ఒక్కో క్యాసెట్ జిప్ కవర్లో పెట్టి, అన్నీ కలిపి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడతాం. కొత్త చెప్పుల డబ్బాల్లో వస్తాయి చూడండి, అవే. నీలం రంగు గింజలు గులాబీ రంగుకి మారితే తేమ తాగేసినట్టు, మార్చాలి. పిల్లలకి అందనివ్వొద్దు. బట్టల్లో వేసినట్టు కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు, ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ పాడైపోతుంది.

బ్రిక్ గేమ్‌లో పెన్సిల్ సెల్స్ తీసెయ్యాలి. మాది సెల్ కారి స్ప్రింగులు తినేసింది. వైర్లకి రబ్బరు బ్యాండ్లు వెయ్యొద్దు, కొన్నాళ్లకి కరిగి అంటుకుంటాయి. మెషీన్‌కి గట్టిగా చుట్టకుండా, వదులుగా చుట్టి విడిగా పెట్టాలి. ఎలకలుంటే వైర్లు రేకు డబ్బాలో. ఏ అడాప్టర్ ఏ మెషీన్‌దో చీటీ అంటించాలి. వోల్టులు, ప్లస్ మైనస్‌లు తేడా వస్తే మెషీన్ పోతుంది. ఎండ తగిలేచోట పెడితే తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది, రేకుల కప్పు కింద వేడికి వంగుతుంది. నేల మీద కాకుండా, గోడకి తగలకుండా, గదిలో బల్ల మీద మంచిది. బాతుల తుపాకీ పాత డబ్బా టీవీల మీదే పనిచేస్తుంది, కొత్త టీవీల్లో గురి తగలదు. అందుకే ఒక 14 అంగుళాల టీవీ కూడా ఉంచాం. దాని వెనక మూత మాత్రం మీరు విప్పకండి, స్విచ్ తీసినా లోపల కరెంటు నిలవుంటుంది.

ఇరవై మూడింటిలో పదిహేడు బతికాయి.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బా మూత వేస్తుంటే చెల్లి ఇంకో డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. అట్లాంటిదే, కవర్లతో, పొట్లాలతో. అందులో దాని కొత్త సర్టిఫికెట్లు, తాత పోడు పట్టా, అమ్మ బ్యాంకు పుస్తకం. ఏమీ అనలేదు. మాకు అర్థమైంది. ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులు వచ్చి మొదటి హెచ్చరిక వెయ్యగానే కాగితాల డబ్బా మిట్ట మీదున్న అత్త ఇంటికి పోతుంది. 48కి రెండో హెచ్చరిక, అప్పుడు బియ్యం, మేకలు. ఆటల డబ్బా ఆ తర్వాతే. 53కి మూడోది వేసేసరికి ఇంట్లో ఎవరం ఉండం. కాగితాలన్నీ ఫోటో తీసి, వచ్చినవన్నీ డిజిలాకర్లో కూడా పెట్టుకున్నాం.

మా మండలం పోలవరం ముంపులో ఉంది. రేపో ఎల్లుండో కాలనీకి పొమ్మంటారు. ట్రాక్టర్ మీద ఊరిని ఎక్కించలేం. ఆ టీవీ పెట్టిన అరుగు, చింతచెట్టు, ఏదీ రాదు. ఈ రెండు డబ్బాలు వస్తాయి. ముందు కాగితాలది, తర్వాత ఆటలది.

మొన్న సంక్రాంతికి పెద్దన్న వచ్చాడు. మారియో పెట్టాం. మొదటి గుంతలోనే పడిపోయాడు. చెల్లి కంట్రోలర్ లాక్కుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వానాకాలం లోపు మీ ఇంట్లో ఒక డబ్బా సర్దండి. ముందు ఏది పెట్టాలో మీకు తెలుసు. పాత క్యాసెట్లు, మెషీన్లు మూలన పడుంటే పారెయ్యకండి, కామెంట్లో చెప్పండి. స్క్రూడ్రైవర్, స్పిరిట్ పట్టుకుని మేమే వస్తాం.

జై ఆదివాసీ.