యంత్రముల నడుమ దుబాసీ

పూర్వము చెన్నపట్టణమున కుంఫిణీ దొరకును మన వర్తకునకును నడుమ దుబాసీ యుండెడివాడు. దొరకు వర్తకుని మాట తెలియదు. వర్తకునకు దొర మాట తెలియదు. ఇరువురి లాభనష్టములును దుబాసీ నాలుకమీద నుండెడివి. కుంఫిణీ పోయినది, దొరలు పోయిరి, దుబాసీ మాత్రము మిగిలెను. నేడు వాడు మన యిండ్లలో కంప్యూటరునకును ప్రింటరునకును నడుమ చేరి, 'డ్రైవరు' అను పేర చెలామణి యగుచున్నాడు.

మేము నడుపు స్త్రీల రాత్రిబడిలో ఒక ప్రింటరు కలదు. అది వై-ఫై మూలమున బడిలోని కంప్యూటర్లన్నిటి యానతిని గైకొని, ఆరేండ్లుగా పాఠములను పెద్ద యక్షరములలో అచ్చువేసి యిచ్చుచున్నది. చత్వారము వచ్చిన తల్లులు ఆ యక్షరములతోడనే చదువు నేర్చుచున్నారు. మొన్నటి వేసవిలో కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టము నెక్కించితిమి. పాతదానికి భద్రతా సవరణలు నిలిచిపోవునని దాని కర్తలే హెచ్చరించిరి గనుక ఎక్కింపక తప్పలేదు. మరునాడు ప్రింటరు 'ఆఫ్‌లైను' అని కంప్యూటరు ప్రకటించెను. ప్రింటరు దీపము వెలుగుచునే యున్నది, కాగితమున్నది, సిరా యున్నది. ఆర్పి వెలిగించితిమి, తీగలు తీసి పెట్టితిమి. పంపిన పాఠములు ఒకదాని వెనుక నొకటి వరుసలో నిలిచిపోయినవే గాని కదలలేదు. ఆ వారమంతయు ఉపాధ్యాయినులు పాఠములను చేతితో వ్రాసి పంచిరి.

చూడవచ్చిన మెకానిక్కు "ఇది పాత మోడలండీ, కొత్తది కొనుక్కోండి" అనెను. బడిలో నెల్లరకంటె పెద్దదైన యవ్వ "నిన్నటిదాకా పనిచేసింది రాత్రికి రాత్రి పాతదెట్లా అయిందయ్యా?" అని యడిగెను. అతడు నవ్వి యూరకుండెను. పాపము, బదులు చెప్పవలసినవారు వేరే యున్నారు.

సిస్టము మారినప్పుడెల్ల దుబాసీకి కొత్త మాట నేర్పవలసినవారు ప్రింటరు చేసినవారు. అమ్ముడుపోయిన సరుకునకు మాటలు నేర్పినచో వారికి వచ్చు లాభమేమి? సిస్టము చేసినవారికిని తమ కారణము కలదు. దుబాసీ చేతికి ఇంటి తాళములన్నియు నిచ్చుట యపాయము. 2021 జూలైలో విండోస్ యొక్క అచ్చు విభాగమున 'ప్రింట్‌నైట్‌మేర్' అను లోపము బయటపడి, ఆ దారిని పరులు కంప్యూటరును వశపరచుకొనవచ్చునని తేలెను. ఆ యేటి ఆగస్టు సవరణతో డ్రైవరును చేర్చుటకు నిర్వాహకుని యధికారము కావలసివచ్చెను. ఇట్టి కట్టుదిట్టము మంచిదే. దాని ఖర్చంతయు కొన్నవాని నెత్తిన పడుట యేమి న్యాయము?

ఇట్లుండగా మా విద్యార్థిని యొకతె తన ఫోను నుండి పాఠమును పంపెను. ఆ ప్రింటరే తడబడక అచ్చువేసెను! ఫోనునకు ఆ దుబాసీతో పనిలేదు. 'ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్' అను ఉమ్మడి భాష యొకటి 1999లోనే లోకమునకు ప్రకటింపబడినది. ఏ కంపెనీవారైనను దానిని నేర్వవచ్చును. ఇటీవలి ప్రింటర్లు పెక్కు దానిని ఎరుగును. మేము పాత డ్రైవరును తొలగించి, ప్రింటరును ఆ భాషతో కంప్యూటరులో మరల చేర్చితిమి. ఆ రాత్రియే పాఠములు వచ్చినవి. స్కానరు మాత్రము నేటికిని పలుకదు.

ప్రింటరు కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించుటను క్రమముగా తగ్గింతుమని 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్‌వారు ప్రకటించిరి. దుబాసీల కాలము తీరవచ్చుచున్నదన్నమాట. సంతోషమే. కాని ఉమ్మడి భాష యెరుగని పాత యంత్రములు దిట్టముగా నుండియు చెత్తకుప్పకు పోవలసినదేనా? ఒక చిన్న బడికి, ఒక గ్రంథాలయమునకు కొత్త ప్రింటరు వెల యన నెన్నియో పుస్తకముల వెల గదా!

కావున చదువరులారా, ప్రింటరు కొనునప్పుడు వెలతోపాటు రెండు ప్రశ్నలడుగుడు: ఇది ఉమ్మడి భాష నెరుగునా? దీని డ్రైవరును ఎన్నేండ్లు కాపాడుదురు? ఈ విషయములు మగపిల్లల పని యని యింటి యాడవారు తొలగియుండరాదు. మా బడిలో దారి చూపినది ఒక స్త్రీయే. అడుగనిదే అమ్మయినను పెట్టదందురు, కంపెనీ పెట్టునా?