గుర్రానికీ భయమే!

అధికారి ముందు, గుర్రం వెనక నిలబడొద్దని మనవాళ్లు ఊరికే అనలేదు. అధికారుల సంగతి అలా ఉంచితే, గుర్రం విషయంలో ఆ మాటకు గట్టి కారణమే ఉంది. తలకు చెరో పక్కన కళ్లుండటంతో దానికి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు. ముక్కుకు సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనక. ఆ చోట అలికిడైతే గుర్రం ఆలోచిస్తూ కూర్చోదు. తన్నడమో పరుగెత్తడమో చేస్తుంది. వేటాడే జంతువుల నుంచి తప్పించుకుంటూ బతికిన జాతి మరి! దాన్ని ఇంతకాలం కాపాడింది ఆ భయమే.

ఈ సంగతి నాకు చెప్పింది మా మేనమామ. జనగామ జిల్లా రఘునాథపల్లి దగ్గర పల్లె ఆయనది. పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని నడపడం ఆయన పని. పాత గుర్రం ముసలిదై పోయాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. కిందటి మార్గశిర అమావాస్యకు చీటీ పాడి ఎత్తిన డబ్బు నడుముకు కట్టుకుని మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా మాలేగావ్ వెళ్లాడు. అక్కడి ఖండోబా జాతరలో గుర్రాల సంతకు పెద్ద పేరు. పళ్లు చూసి వయసు లెక్కగట్టి, డెక్కలు ఎత్తి చూసి, ఒక తెల్లటి ఆడగుర్రాన్ని డీసీఎంలో ఎక్కించుకొచ్చాడు. పేరు చాంద్‌నీ.

అమావాస్య దాటితే పుష్యమాసం. పెళ్లిళ్లు ఉండవు. మాఘం రాగానే ముహూర్తాలు మొదలు. అంటే సరిగ్గా నెల రోజులు. ఆలోగా కొత్త గుర్రం కొత్త ఊరికి, కొత్త మనుషులకు అలవాటు పడాలి. పడకపోతే పెళ్లిళ్ల సీజన్ పోతుంది. చీటీ వాయిదాలు మాత్రం ఆగవు.

నీళ్లలో బెల్లం, పక్కన మేక

వచ్చిన రోజు చాంద్‌నీ నీళ్లు ముట్టలేదు. గుర్రానికి రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల దాకా నీళ్లు కావాలి. తగ్గితే కడుపునొప్పి పట్టుకుంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే మనకు చిన్నదనిపించే కడుపునొప్పి దాని ప్రాణం మీదికి తెస్తుంది. 'ఊరు మారితే నీళ్ల వాసన మారుతది' అంటూ మామ బకెట్లో కాస్త బెల్లం కలిపాడు. మూతి ముంచి వాసన చూసి, తాగింది. తర్వాత రోజురోజుకూ బెల్లం తగ్గించాడు. మేత సంగతీ అంతే. సంతలో అది తిన్న గడ్డినే రెండు మోపులు వెంట తెచ్చాడు. అందులో మన గడ్డి రోజుకింత కలుపుతూ పది రోజులకు పూర్తిగా మార్చాడు. ఉడికించిన ఉలవలు గుప్పెడుతో మొదలుపెట్టాడు. "ఇంట్ల మనుషుల కన్న దానికే మర్యాదలు ఎక్కువైనయి" అని అత్త సణిగేది. సణుగుతూనే ఉలవల గంజు పొయ్యి మీద పెట్టేది.

అసలు చిక్కు రాత్రిళ్లు వచ్చింది. గుర్రం నిలబడే కునుకు తీస్తుందని అందరికీ తెలుసు. కానీ గాఢనిద్ర పట్టాలంటే పడుకోవాల్సిందే. మందలో బతికే జంతువు కాబట్టి, ఒంటరిగా ఉన్నప్పుడు పడుకోవడానికి దానికి ధైర్యం చాలదు. అత్త పెంచుకుంటున్న మేకను తెచ్చి పక్కన కట్టేశారు. నాలుగో నాటి తెల్లవారుజామున చూస్తే చాంద్‌నీ కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. మామ ఆ పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "ఇది మనిల్లే అనుకున్నది బిడ్డా!"

మెత్తబడాల్సింది మనమే

ఇక సవారీ. మామకు అరవై దాటాయి. మోకాళ్లు సహకరించవు. కొడుకు ఉద్యోగం హైదరాబాద్‌లో. పగ్గం పట్టుకుని నడిపించగలడు గానీ ఎక్కలేడు. ఇంట్లో గుర్రమెక్కడం తెలిసిన రెండో మనిషిని నేనే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయన దగ్గరే నేర్చుకున్నా. పందొమ్మిదేళ్లప్పుడు రోడ్డు పక్కన వెళ్తుంటే వెనక నుంచి ఒక లారీ హారన్ మోగింది. గుర్రం ఎగిరింది. నేను కింద పడ్డా. మెడ దగ్గర ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నా. ఎముక అతికింది. ధైర్యం అతకలేదు. ఆ తర్వాత వీధిలో బరాత్ వస్తుంటే అవతలి పక్కకు వెళ్లిపోయేదాన్ని.

మామ నన్ను రమ్మని అడగలేదు. నేనే ప్రతి వారం సెలవు రోజున సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగేదాన్ని. మహబూబాబాద్ నుంచి అమ్మ ఫోన్లు సరేసరి. "ఆ గుర్రం జోలికి పోకు బిడ్డా. ఒక్కసారి విరిగింది చాలదా?"

మొదటి వారం ఎక్కే మాటే లేదు. భుజం పక్కన నిలబడి మాట్లాడటం, బ్రష్‌తో ఒళ్లు రుద్దడం, దాని చెవులు చూడటం. గుర్రం మనసు చెవుల్లో తెలుస్తుంది. నా వైపు తిరిగితే వింటున్నట్టు. వెనక్కి అణిచి పెడితే దూరం జరగమన్నట్టు. రెండో వారం పగ్గం పట్టుకుని పొలాల గట్ల దాకా నడిపించా. మరాఠీ పిలుపులకు అలవాటుపడ్డ గుర్రానికి నా తెలుగు అర్థం కాకపోయినా గొంతు గుర్తుపట్టింది.

సంక్రాంతికి జీను వేశాం. హెల్మెట్ పెట్టుకుని రికాబులో కాలు పెట్టానో లేదో, అరచేతులు తడిసిపోయాయి. నేను బిగుసుకుపోగానే చాంద్‌నీ తల ఎత్తేసింది. "ఊపిరి వదులు" అన్నాడు మామ. "నువ్వు బిగుసుకపోతె అది ఏడనో పులి ఉన్నదనుకుంటది. కిందికి చూడకు. దాని చెవుల నడుమకెల్లి ముంగటికి చూడు." ఆ రోజు సవారీ పది అడుగులు. అంతే, దించేశాడు. పడిన వెంటనే మళ్లీ ఎక్కాలంటారు కదా అని అడిగితే నవ్వాడు. "విరిగిన బొక్కతోని ఎట్ల ఎక్కుతవు? భయం ఎంత దూరం పోనిస్తే అంతే పో. రేపు ఇంకో నాలుగడుగులు ఎక్కువ పోనిస్తది."

నిజంగానే అలా పెరుగుతూ పోయింది. పుష్యం చివరి వారంలో ఖిలాషాపూర్ దాకా వెళ్లాం. 1708లో ఓరుగల్లు కోట మీద పడిన సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరది. బురుజు కనిపించే మలుపులో వెనక నుంచి ట్రాక్టర్ వచ్చింది. చాంద్‌నీ పక్కకు రెండడుగులు దూకింది. నా భుజం దగ్గర పాత నొప్పి ఒక్కసారి గుర్తొచ్చింది. ఊపిరి వదిలాను. పగ్గం లాగకుండా మెడ మీద చెయ్యి వేశాను. అది వణికింది. నేనూ వణుకుతున్నా. ట్రాక్టర్ దాటిపోయింది. ఇద్దరం నిలబడే ఉన్నాం.

ఇంటి దగ్గర మామ మరో చదువు మొదలుపెట్టాడు. దాణా తినే వేళకు వీధి చివర డప్పు కొట్టించేవాడు. రోజుకు నాలుగిళ్లు దగ్గరికి. చెవులు నిక్కించడం మాని ఉలవలు నమిలేదాకా. అయినా పెళ్లివారికి మామ షరతులు మామవే. పటాకులు కాల్చొద్దు. డీజే పెట్టెలు దూరంగా ఉండాలి. రెండు గంటలకు మించి నిలబెట్టొద్దు. ఒప్పుకోకపోతే బయానా వాపస్.

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయినా బరాత్‌లకు మాత్రం ఇదంతా ఒకటే వరంగల్. మాఘంలో మొదటి పెళ్లి భూపాలపల్లిలో, సింగరేణి కాలనీలో పడింది. పగ్గం నా చేతిలో ఉంది. పెళ్లికొడుకు జీను గట్టిగా పట్టుకుని వంగి అడిగాడు. "అక్కా, పడెయ్యదు గదా?" ముందుకు చూడమన్నా. ఊపిరి వదలమన్నా.

రెండోది మహబూబాబాద్‌లో. బరాత్ అయ్యాక చూస్తే, అమ్మ కొంగున బెల్లంముక్కతో దూరంగా నిలబడి ఉంది. నన్నేమీ అనలేదు. "పెట్టొచ్చా?" అంది. ముక్కు ముందున్నది దానికి కనిపించదు, పెదాలతో తడుముకుంటుంది, అరచెయ్యి బాగా చాపి పెట్టమ్మా అని చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని చెయ్యి చాపింది.