ఇంజిన్ అడిగే అంకె

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున తొమ్మిదింటికే ఇనుము మీద సుత్తి దెబ్బలు మొదలవుతాయి. ఒక వీధి నిండా లారీ బాడీలు కట్టే షెడ్లు, పక్క వీధిలో లేత్ పనులు, ఆ వెనక రేడియేటర్లు, కమాన్ కట్టలు, పాత స్పేర్ పార్టుల దుకాణాలు. లారీల పనికి పెట్టింది పేరైన ఈ పేటలో కార్ల ఇంజిన్లు మాత్రమే విప్పే షెడ్డు ఒకటుంది. బంకుల్లో మామూలు పెట్రోలు పక్కనే ఎక్స్‌పీ95, పవర్95, స్పీడ్97, ఎక్స్‌పీ100 అంటూ రకరకాల పేర్లు కనిపిస్తున్నాయి. ఖరీదైనది పోస్తే బండికి మంచిదేమోనన్న ఆశ ఒకవైపు, పోయకపోతే చెడిపోతుందేమోనన్న భయం మరోవైపు. ఈ రెండింటినీ తేల్చగలిగేది రోజూ ఇంజిన్లు విప్పి చూసే మనిషేనని ఆ షెడ్డుకు వెళ్లాను.

అడుగు పెట్టగానే మేస్త్రి గారు నా చేతిలో ఒక పిస్టన్ పెట్టారు. పై అంచు ఒక పక్కంతా ఎలుక కొరికినట్టు గుంటలు పడింది. రింగు కూర్చునే గాడి గట్టు విరిగిపోయింది. అదే సిలిండరులోంచి తీసిన ప్లగ్గు కూడా చూపించారు. తెల్లటి పింగాణీ మీద సన్నటి మెరిసే చుక్కలున్నాయి.

"అది మసి కాదండీ. పిస్టన్‌లోంచి కరిగి లేచిన అల్యూమినియం" అన్నారు.

టర్బో ఉన్న కారు అది. పెట్రోలు మూత లోపలి స్టిక్కరు 95 ఆక్టేన్ అడుగుతోంది. యజమాని ఏళ్ల తరబడి 91 పోయించారు. పైగా రేడియేటరులో కూలెంట్ తగ్గింది. నిండా మనుషులతో, సామాన్లతో ఘాట్ రోడ్లెక్కారు. "నేరమంతా పెట్రోలు మీదే వెయ్యలేమండీ. వేడీ, బరువూ, తక్కువ ఆక్టేనూ మూడూ ఒకచోట కలిశాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పించినా ఇంజిన్ బతికేది."

ఆ తర్వాత అసలు సంగతి మొదలుపెట్టారు. సైకిలు పంపుతో గాలి కొడితే కింద గొట్టం వేడెక్కడం మనకు తెలిసిందే. ఇంజిన్‌లోనూ గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పదో వంతుకు నొక్కేసరికి అది బాగా కాగుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మంట అక్కడ పుట్టి అంచులకు పాకాలి. అది పాకుతున్న కొద్దీ, ఇంకా అంటుకోని మిశ్రమం మరింత నలిగి మరింత వేడెక్కుతుంది. మంట వచ్చేదాకా ఆ మిశ్రమం ఆగితే పిస్టన్ మీద ఒత్తిడి సాఫీగా పడుతుంది. ఆగలేక మూలనున్నదంతా తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటే ఒత్తిడి అలలు లేచి సిలిండరు గోడలను కొడతాయి. బయటికి టకటకమని వినిపించే ఆ చప్పుడే నాకింగ్. పిస్టన్ తలను కాపాడే పలచటి చల్లని వాయుపొర ఆ దెబ్బలకు చెదిరిపోయి, వేడి నేరుగా లోహానికి తగులుతుంది. నా చేతిలోని పిస్టన్‌కు జరిగింది అదే.

మంట వచ్చేదాకా ఆగగలిగే ఆ ఓర్పునే ఆక్టేన్ అంకె చెబుతుంది. పెట్రోలులో ఎంత శక్తి ఉందన్నది దానికి సంబంధం లేని విషయం.

ఆ ఓర్పును కొలవడానికి ప్రయోగశాలల్లో ప్రత్యేకంగా ఒక ఇంజిన్ ఉంటుంది. 1920ల చివర అమెరికాలో తయారైన సీఎఫ్ఆర్ ఇంజిన్ అది. ఒకే సిలిండరు. నడుస్తుండగానే కంప్రెషన్, అంటే మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, పెంచవచ్చు, తగ్గించవచ్చు. అంతకు కొద్దిగా ముందే గ్రాహం ఎడ్గార్ అనే రసాయన శాస్త్రవేత్త కొలబద్ద సిద్ధం చేశారు. నాకింగ్‌ను బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100, ఏమాత్రం తట్టుకోలేని హెప్టేన్‌కు 0. మొదటిది 95 పాళ్లు, రెండోది 5 పాళ్లు కలిపిన మిశ్రమంతో సమానంగా తట్టుకున్న పెట్రోలుది 95 ఆక్టేన్. ఇంజిన్‌ను నిమిషానికి 600 చుట్లు తిప్పి కొలిస్తే వచ్చేది రీసెర్చ్ అంకె. 900 చుట్లతో, మిశ్రమాన్ని బాగా వేడిచేసి కొలిస్తే వచ్చేది మోటార్ అంకె. రెండోది సాధారణంగా తక్కువగా వస్తుంది. మన దేశంలో చెప్పుకునేది మొదటి అంకె.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. నేనుండగానే ఒక పెద్దాయన కారు సర్వీసుకు తెచ్చి, "మా అబ్బాయి డాలస్‌లో 87 పోయిస్తాడటండీ. వాళ్లకంత పెద్ద కార్లు, మనకెందుకు 91?" అని అడిగారు. మేస్త్రి గారు ఓపిగ్గా విడదీశారు. "వాళ్లు బంకు మీద రాసేది రెండు అంకెల సగటు బాబాయ్ గారూ. వాళ్ల 87, మన 91 ఇంచుమించు ఒకటే. అబ్బాయి పోయించేది తక్కువ రకమేమీ కాదు." పెద్దాయన ముఖంలో సందేహం తీరిన తృప్తి కనిపించింది.

మేస్త్రి గారు పని నేర్చుకున్నది అంబాసిడర్, పద్మిని కార్ల మీద. అప్పటి కార్లలో కంప్రెషన్ ఏడెనిమిది రెట్లకు అటూ ఇటూగా ఉండేది. కారు ఎత్తు ఎక్కుతూ టకటకమంటే డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులుచేసి, చెవితో వింటూ కొద్దిగా తిప్పి, నిప్పురవ్వ టైమింగ్ వెనక్కి జరిపేవారు. ఇప్పుడు ఇంజిన్ దిమ్మకు బిగించిన నాక్ సెన్సరు ఆ చెవి పని చేస్తుంది. చప్పుడు మొదలవగానే కంప్యూటరు నిప్పురవ్వ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజిన్ ఆ క్షణానికి గట్టెక్కుతుంది గానీ పికప్ తగ్గుతుంది, మైలేజీ పడుతుంది. టాప్ గేరులో, తక్కువ వేగంలో, పూర్తి బరువుతో యాక్సిలరేటరు అదిమి తొక్కితే సెన్సరు సాయానికీ ఒక హద్దుంది. "ఘాట్ ఎక్కేటప్పుడు గేరు దించండి" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పడం అందుకే.

నాకింగ్‌ను ఆపడానికి మనుషులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్‌లో, జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ బృందం సీసం కలిసిన ఒక రసాయనం పెట్రోలులో కొద్దిగా పడితే చాలు, నాకింగ్ ఆగుతుందని కనిపెట్టింది. ఆ సీసం పొగగొట్టంలోంచి గాలిలోకీ, పిల్లల రక్తంలోకీ చేరింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అదే. 2021లో అల్జీరియా కూడా మానేశాక ప్రపంచంలో మరే దేశంలోనూ కార్లకు సీసం పెట్రోలు అమ్మడం లేదు. సీసం మానేశాక ఆక్టేన్ పెంచే భారం రిఫైనరీల మీద పడింది. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ ప్రారంభించిన రిఫైనరీని ఇప్పుడు హెచ్‌పీసీఎల్ నడుపుతోంది. అలాంటి రిఫైనరీలు నాఫ్తాను ప్లాటినం ఉత్ప్రేరకం మీదుగా పంపి, అణువుల అమరిక మార్చి ఆక్టేన్ పెంచుతాయి. సీసం లేకుండానే మన ఇంజిన్లు చప్పుడు చేయకుండా తిరుగుతున్నాయంటే దాని వెనక ఇంత పని ఉంది.

మధ్యాహ్నం ఒక టాక్సీ కుర్రాడు వచ్చాడు. తిరుపతి కిరాయి ఉందట. "అన్నా, ఈసారి వంద ఆక్టేన్ పోయిస్తే మైలేజీ ఏమన్నా కలిసొస్తదా?" అన్నాడు. మేస్త్రి గారు జవాబు చెప్పకుండా అతని కారు పెట్రోలు మూత తెరిపించారు. లోపల 91 అని ఉంది. "నీ ఇంజిన్‌కు 91తోనే నాకింగ్ లేదు. లేని జబ్బుకు మందెందుకురా? లీటరుకు అన్ని రూపాయలు ఎక్కువ పెట్టి వంద పోయిస్తే కిరాయిలో నీకేం మిగులుద్ది?" అన్నారు. రోజు సంపాదన బట్టి ఇల్లు గడిచే మనిషికి ఆ మాట ఎంత విలువైనదో కుర్రాడి కళ్లలో తెలిసింది.

ఆక్టేన్ వేరు, శక్తి వేరు అనడానికి పెట్రోలులో కలిపే ఇథనాలే సాక్ష్యం. దాని ఆక్టేన్ దాదాపు 108. కానీ లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలు కంటే ఇంచుమించు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది, 10 శాతానికి సరిచేసిన కార్లలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. మరోవైపు ఆ ఇథనాల్ వల్లే మామూలు పెట్రోలు ఆక్టేన్ పెరిగింది. ఒకప్పుడు 88, తర్వాత 91గా ఉన్నది 20 శాతం ఇథనాల్‌తో 95కు చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ వివరించింది. అంటే అంకె పెరిగింది, లీటరులో శక్తి తగ్గింది. ఈ లెక్క తెలిసిన వాడు 91 అడిగే కారుకు 95 అన్న పేరు చూసి అదనంగా డబ్బు పెట్టడు. పాత కార్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకుంటాయా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఆక్టేన్ తీర్చదు, కారు కంపెనీ పుస్తకం చూసుకోవాల్సిందే.

షెడ్డు నుంచి బయల్దేరే ముందు మేస్త్రి గారి మాటలన్నీ కాగితం మీద పెట్టుకున్నాను. మూత లోపలా, కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉన్న అంకె చూడాలి. కనీసం ఇంత అని ఉంటే అంతకు తగ్గకూడదు. మేలైనది ఇంత అని విడిగా రాసి ఉంటే, పూర్తి పికప్ ఆ అంకెతోనే వస్తుంది. టర్బో కార్ల విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొరపాటున తక్కువది పడితే కంగారు అక్కర్లేదు, మెల్లగా నడిపి తర్వాత సరైనది నింపుకోవచ్చు. సరైనదే పోసినా చప్పుడు వస్తుంటే ఖరీదైన పెట్రోలుతో దాన్ని కప్పిపుచ్చకుండా కూలెంట్, ప్లగ్గులు, లోపల పేరుకున్న కార్బన్ చూపించుకోవాలి. పేరున్న పెట్రోళ్లలో కలిపే శుభ్రపరిచే రసాయనాలు వేరు, ఆక్టేన్ వేరు. బంకులో అడిగితే సాంద్రత చూపిస్తారు, ఫిల్టరు కాగితం పరీక్ష చేస్తారు. అవి కల్తీ అనుమానానికి పనికొస్తాయి గానీ ఆక్టేన్‌ను చెప్పవు.

అందుకే నేను గట్టిగా కోరేది ఒకటుంది. అమెరికాలో ప్రతి పంపు మీదా పసుపు చీటీపై నల్లటి అంకెతో ఆక్టేన్ రాసి ఉండాలని నిబంధన ఉంది. మన బంకుల్లోనూ ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, మామూలు పెట్రోలుకు కూడా ఆ అంకె కనిపించాలి. మూత లోపల ఒక అంకె, పంపు మీద ఒక అంకె పక్కపక్కన చదువుకోగలిగితే ఎవరి సలహా అక్కర్లేకుండా ఏ డ్రైవరైనా తన బండికి తగింది తానే ఎంచుకుంటాడు.